నెలకు 3 లక్షల కాంట్రాక్టు కోసం పర్మనెంటు ఉద్యోగం వదలాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీకు 34 ఏళ్లు. హైదరాబాదులో 11 ఏళ్లుగా జావా (ప్రోగ్రామింగ్ భాష) మీద పని చేస్తున్నారు. ఇప్పటి కంపెనీలో 4 సంవత్సరాల 4 నెలలు పూర్తయ్యాయి. సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 28 లక్షలు, బేసిక్ (మూల వేతనం) నెలకు 1,15,000. ఒక మధ్యవర్తి సంస్థ 12 నెలల కాంట్రాక్టు ఇస్తామంటోంది, నెలకు 3 లక్షలు. ఇంటి అప్పు వాయిదా 52,000. మీ భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు, అమ్మగారికి షుగర్. సంవత్సరానికి 8 లక్షలు ఎక్కువ వస్తుంటే ఆగిపోవడం పొరపాటు అవుతుందా అని అడిగారు.

నా జవాబు: ఆ సంస్థ పంపిన ఈ ఆఫర్ లేఖ మీద సంతకం పెట్టవద్దు. కాంట్రాక్టు పని మంచిది కాదని ఈ మాట అనడం లేదు. నేను 2014లో పర్మనెంటు ఉద్యోగం వదిలాను, అప్పటి నుంచి కాంట్రాక్టుల మీదే ఇల్లు గడుస్తోంది, మళ్లీ వెనక్కి వెళ్లాలని అనిపించలేదు. కానీ మీ లేఖలోని 3 లక్షలు నిజంగా 3 లక్షలు కావు. అదే పనికి నెలకు 3.5 లక్షలు, జీఎస్టీ అదనం అని రాసిచ్చి, ముందస్తు నోటీసు 30 రోజులు చేసి, మీ బ్యాంకులో ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంటే, నిశ్చింతగా వెళ్లండి.

మీరు పెట్టిన లేఖలో అందరి చూపూ రేటు మీద పడుతుంది, దాని కింద ఉన్న మాట మీద పడదు. అక్కడ 'వర్తించే పన్నులన్నీ కలుపుకుని' అని ఉంది. మీరు స్వతంత్ర కన్సల్టెంటుగా బిల్లు వేయాలి. సేవలు అందించేవారి రాబడి సంవత్సరానికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి, మీ పనికి రేటు 18 శాతం. అంటే ఆ 3 లక్షలలో మీ రుసుము 2,54,237 మాత్రమే. మిగిలిన 45,763 ప్రభుత్వానిది, మీ ఖాతాలో కొన్ని రోజులు ఉండి వెళ్లిపోతుంది.

మొదటి బిల్లు ఎలా ఉంటుందో చూడండి. మీరు 3,00,000కు ఇన్‌వాయిస్ పంపుతారు. ఆ సంస్థ మీ రుసుము మీద 10 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను), అంటే 25,424 పట్టుకుంటుంది. మీ ఖాతాకు 2,74,576 వస్తుంది. వచ్చే నెల 20వ తేదీలోగా అందులోంచి 45,763 జీఎస్టీ కట్టాలి. చేతిలో మిగిలేది 2,28,813. టీడీఎస్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, అది పోయిన డబ్బు కాదు. కానీ ఇంటి వాయిదా కట్టే రోజున మీ ఎదుట ఉండే అంకె ఇదే.

మధ్యవర్తి సంస్థతో మాట్లాడేటప్పుడు ఒక విషయం మీకు బలం ఇస్తుంది. మీరు వేసే జీఎస్టీ వాళ్లకు మామూలుగా ఖర్చు కాదు. తాము కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకుంటారు. కాబట్టి 'జీఎస్టీ అదనం' అని అడగడం అత్యాశేమీ కాదు. సంకోచం లేకుండా అడగండి. నేను అడిగిన ప్రతిసారీ ఒప్పుకున్నారు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటా పని ఒప్పుకోకుండా వచ్చేశాను.

ఇప్పుడు రెండు వైపులా పూర్తి లెక్క వేద్దాం. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం స్లాబులతో వేశాను.

పర్మనెంటు వైపు 28 లక్షలు. అందులో బేసిక్ మీద 12 శాతం చొప్పున కంపెనీ వేసే పీఎఫ్ 1,65,600, గ్రాట్యుటీ (ఐదేళ్లు నిండాక మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కోసం పక్కన పెట్టేది మరో 66 వేలు. అవి మీ చేతికి రావు, కానీ మీవే. పన్ను సుమారు 3.4 లక్షలు. పన్ను పోగా మొత్తం విలువ 24.6 లక్షలు.

కాంట్రాక్టు వైపు, మీ లేఖలోనే 'పని చేసిన రోజులకే చెల్లింపు' అని ఉంది. పండుగలు పది రోజులు, ఊరికి వెళ్లడానికో పాప బడి పనులకో పద్దెనిమిది రోజులు, జ్వరానికి నాలుగు రోజులు. 32 పని దినాలంటే దాదాపు నెలన్నర. జీతంలో ఉన్నప్పుడు ఈ రోజులకు డబ్బు వస్తోందన్న సంగతే మనం గమనించం. మిగిలిన పదిన్నర నెలలకు రాబడి 26.7 లక్షలు. ఇక్కడ పన్ను తక్కువ, ఎందుకన్నది కింద చెబుతాను, సుమారు 83 వేలు. కుటుంబానికీ అమ్మానాన్నలకూ ఆరోగ్య బీమా, టర్మ్ బీమా, చార్టర్డ్ అకౌంటెంట్ రుసుము కలిపి కనీసం 1.25 లక్షలు వేసుకోండి. మిగిలేది 24.6 లక్షలు.

రెండూ ఒక్క చోటికే వచ్చాయి. 8 లక్షల లాభం కనబడకుండా పోయింది. ఇందులో ఇంకా ఒక్క నెల కూడా ఖాళీగా ఉండలేదు, పన్నెండు నెలలూ కాంట్రాక్టు నిలబడిందనే అనుకున్నాం. అదే 3 లక్షలు, జీఎస్టీ అదనం అయితే మీకు సుమారు 4.4 లక్షలు మిగులుతుంది. 3.5 లక్షలు, జీఎస్టీ అదనం అయితే 9 లక్షలు మిగులుతుంది, అంటే రెండున్నర నెలలు పని లేకపోయినా ఇప్పటి స్థితి కన్నా కిందికి పడరు. నేను 3.5 అని ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రేటు నిర్ణయించాల్సింది ఖాళీ నెలలను చూసే. కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచి మీద ఉంటే ఆ నెల ఖర్చు కంపెనీది. కాంట్రాక్టులో అది మనది. మనం తీసుకునే రేటులో పని లేని నెలకు ముందుగానే దాచుకునే డబ్బు కూడా ఉండాలి. నా ఖాళీ వారాలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. 2014లో పదకొండు వారాలు. 2017లో మూడు. 2020లో పదిహేడు. 2023లో తొమ్మిది. 2024 చివరి వరకు పదకొండేళ్లలో నలభై వారాలు. సగటు తీస్తే ఏడాదికి నెల కూడా కాదు, చూడటానికి తక్కువే. కానీ అవి సగటుగా రావు, ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. 2020 ఏప్రిల్‌లో నాకు వచ్చినది నాలుగు వరుసల మెయిల్. రెండు వారాల్లో పని ముగుస్తుందన్నారు. ఆ టీములోని పర్మనెంటు ఉద్యోగులలో ఎవరికీ అటువంటి మెయిల్ రాలేదు. దానికి ఆ కంపెనీని నేను తప్పుపట్టను. కోత వచ్చినప్పుడు ముందు తెగేది కాంట్రాక్టే, ఎక్కువ రేటు ఇచ్చేది అందుకే.

మీ లేఖలో నోటీసు పదిహేను రోజులు. మీ ఇప్పటి కంపెనీలో మీరు ఇవ్వాల్సింది తొంభై రోజులు. తొంభై రోజుల తలుపు దాటి వచ్చి పదిహేను రోజుల తలుపు ముందు నిలబడుతున్నారు. అందుకే కనీసం ముప్పై రోజులు అడగమంటున్నాను.

పన్ను ఎందుకు తక్కువో చెబుతానన్నాను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఉంది. వృత్తి నిపుణుల రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టవచ్చు, ఖర్చుల పద్దులు రాయనక్కరలేదు. సమాచార సాంకేతికత ఆ వృత్తుల జాబితాలో ఉంది. పరిమితి మొదట 50 లక్షలు. 2023-24 నుంచి నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు వర్తిస్తుంది. 2025లో వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ పద్ధతి మాత్రం కొనసాగుతోంది. ముందస్తు పన్ను నాలుగు వాయిదాలుగా కాకుండా మార్చి 15లోగా ఒకేసారి కట్టవచ్చు. అయితే ఒక జాగ్రత్త. ఒకే సంస్థకు, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్ల సెలవుల పట్టిక ప్రకారం, ఉద్యోగిలాగే పని చేస్తూ దీన్ని వాడుకుంటే అది జీతమే కదా అని అధికారి అడిగే అవకాశం ఉంది. ఒప్పందం సేవల ఒప్పందంగా ఉండాలి, ఇన్‌వాయిస్ మీ పేరు మీద వెళ్లాలి, సంవత్సరాంతంలో మీకు జీతం మీద పన్ను కోసినట్టు ఇచ్చే పత్రం (పాత చట్టంలో ఫారం 16) కాక, రుసుము మీద కోసినట్టు ఇచ్చే పత్రం (16ఏ) రావాలి. సంతకానికి ముందు ఒప్పందాన్ని అకౌంటెంటుకు చూపించండి. రిటర్ను వేసే నాడు చూపిస్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక్కడే మరో సంగతి. మన దగ్గర కాంట్రాక్టు అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులను పిలుస్తారు. ఒకటి, మధ్యవర్తి సంస్థ పేరోల్ మీద చేరి వేరే కంపెనీలో కూర్చోవడం. అక్కడ పీఎఫ్ కోస్తారు, జీతం మీద పన్ను పత్రం ఇస్తారు. అది ఉద్యోగమే, కాకపోతే గడువున్న ఉద్యోగం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం గడువు ఉద్యోగులకు ఒక సంవత్సరం సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. రెండోది మీకు వచ్చినట్టు ఇన్‌వాయిస్ మీద పని చేయడం. మూడోది విదేశీ కంపెనీకి నేరుగా ఇంటి నుంచి చేయడం. సేవల ఎగుమతి కాబట్టి ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (పన్ను లేకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) దాఖలు చేసుకుంటే జీఎస్టీ వసూలు చేయకుండానే బిల్లు పంపవచ్చు. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే. మొదటి మెట్టులోనే ఇది దొరకడం కష్టం, రెండో రకంలో మూడు నాలుగేళ్లు పేరు తెచ్చుకున్నాక దొరుకుతుంది. స్నేహితుడు కాంట్రాక్టులో బాగా సంపాదిస్తున్నాడని చెబితే ముందు ఏ రకమో అడగండి.

ఇక మీ ప్రశ్నలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది అమ్మగారి షుగర్. మీరు దాన్ని చివరి వాక్యంలో రాశారు, నేనైతే మొదట రాసేవాణ్ని.

2014లో నా చివరి పని దినం ఒక శుక్రవారం. ఆ సాయంత్రం ఐడీ కార్డు ఇచ్చేసి, కేకు కోసుకుని ఇంటికి వచ్చాను. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా ఆ రాత్రితోనే ముగిసింది. మా నాన్నగారి పేరు కూడా అందులోనే ఉండేది. కొత్త పాలసీ వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. ముప్పై ఎనిమిదో రోజు తెల్లవారుజామున సూర్యాపేట నుంచి అమ్మ ఫోను చేసింది. నాన్నగారికి గుండెలో రెండు స్టెంట్లు వేశారు. బిల్లు 3,40,000. డిస్చార్జి కౌంటరు దగ్గర ఆ అమ్మాయి బీమా కార్డు అడిగినప్పుడు నా చెయ్యి అలవాటుగా పర్సులోకి వెళ్లింది, పాత కార్డు ఇంకా అందులోనే ఉంది. దాన్ని తీసి చూసి మళ్లీ లోపల పెట్టుకున్నాను. మా పాప పేరు మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆ రోజు తీయాల్సి వచ్చింది.

నాన్నగారు కోలుకున్నారు, ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ తరువాత తీసుకున్న పాలసీలో ముందు నుంచీ ఉన్న జబ్బులకు నాలుగేళ్లు ఆగమన్నారు. ఇప్పుడు నిబంధన మారింది, 2024 నుంచి ఆ నిరీక్షణ మూడేళ్లకు మించకూడదు. షుగర్ ఉన్న అమ్మగారికి మూడేళ్లయినా తక్కువ కాదు. అందుకే రాజీనామా ఇచ్చేందుకు ముందే అమ్మానాన్నల బీమా సంగతి తేల్చుకోండి. గ్రూపు పాలసీ ఉన్న అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే ఇంతకు ముందు గడిచిన కాలం నిరీక్షణలో కలిసే వీలుంది. చివరి పని దినానికి కనీసం నెలన్నర ముందు దరఖాస్తు పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. దాచి తీసుకున్న పాలసీ ఆసుపత్రిలో పనికి రాదు. పీఎఫ్‌తో పాటు వచ్చే 7 లక్షల వరకు ప్రాణ బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి టర్మ్ పాలసీ ముందే తీసుకోవాలి.

గ్రాట్యుటీ విషయంలో మీరు తొందరపడితే నేరుగా నష్టం. ఐదేళ్లు నిండితే మీకు వచ్చేది 1,15,000 × 15/26 × 5, అంటే 3,31,730 రూపాయలు. ఈ రోజు రాజీనామా ఇచ్చి తొంభై రోజులు నోటీసు చేస్తే 4 సంవత్సరాల 7 నెలలకు బయటికి వస్తారు, ఏమీ రాకపోవచ్చు. ఐదో ఏట 240 రోజులు పని చేస్తే ఐదేళ్లుగానే లెక్కించాలని మద్రాసు హైకోర్టు చెప్పింది, చాలా కంపెనీలు దాన్ని పాటిస్తాయి, కొన్ని పాటించవు. మీ హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. పాటిస్తామంటే నెలన్నర ఆగి రాజీనామా ఇచ్చినా సరిపోతుంది. పాటించబోమంటే మరో ఐదు నెలలు ఆగడానికి 3.3 లక్షలు మంచి కారణమే.

డబ్బు సమయానికి రావడం గురించి కొత్తవాళ్లు ఆలోచించరు. ఒకటో తేదీ జీతం అలవాటైన మనకు ఇన్‌వాయిస్ వెంట పడటం చాలా చిన్నతనంగా అనిపిస్తుంది. 2018లో ఒక సంస్థ నాకు 112 రోజులు డబ్బు ఇవ్వలేదు. జీఎస్టీ మాత్రం బిల్లు వేసిన నెలకే కట్టాలి, వాళ్లు ఇచ్చారా లేదా అన్నది ప్రభుత్వానికి పట్టదు. మూడు బిల్లుల జీఎస్టీ నా జేబులోంచి కట్టాను. ఆ తరువాత ఉద్యమ్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర) నమోదు చేసుకున్నాను, ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. పైగా 2023-24 నుంచి ఆ గడువు దాటి, ఏడాది చివరికి కూడా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది తన ఖర్చుగా చూపించుకోలేడు. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక నా బిల్లుల గురించి అకౌంట్స్ విభాగం వాళ్లే ఫోన్లు చేస్తున్నారు. పని మొదలుపెట్టక ముందే నమోదు చేసుకోండి, తరువాత చేసుకుంటే పాత బిల్లులకు ఆ రక్షణ ఉండకపోవచ్చు.

డబ్బు కాని నష్టం ఒకటి ఉంది. కాంట్రాక్టు మనిషిని శిక్షణకు పంపరు. మనకు వచ్చిన పనికే మనల్ని తీసుకుంటారు, రాని పని నేర్చుకోవడానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు మూడేళ్ల అనుభవంతోనే కాంట్రాక్టులోకి వచ్చాడు. నాలుగేళ్లు పాత కోడు మరమ్మతులే చేశాడు. రేటు బాగుండేది. ఆ సిస్టమ్ తీసేసిన రోజున అతని దగ్గర చూపించుకోవడానికి కొత్తగా ఏమీ లేదు, మళ్లీ పర్మనెంటులో తక్కువ జీతానికి చేరాడు. మీకు 11 ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి ఆ భయం తక్కువ. అయినా ఖాళీ వారాలను చదువుకు వాడుకునే క్రమశిక్షణ మీలో ఉందా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి. మరోవైపు, నా పాత సహోద్యోగిని ఒకావిడ శాప్ (పెద్ద కంపెనీల లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) కన్సల్టెంటుగా బయటికి వచ్చి ఏడేళ్లయింది. సంవత్సరానికి తొమ్మిది నెలలే పని ఒప్పుకుంటారు, మూడు నెలలు కొత్తది నేర్చుకుంటారు. ఆమె రేటు మా అందరికన్నా ఎక్కువ. ఆమె భర్తకు స్థిరమైన ఉద్యోగం ఉందన్నది కూడా ఇక్కడ చెప్పాలి. మీ ఇంట్లో ఇప్పుడు ఒక్క సంపాదనే.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఇంటి అప్పు పెంచుకోవడం గానీ వేరే బ్యాంకుకు మార్చుకోవడం గానీ ఉంటే జీతం స్లిప్పు ఉండగానే చేయండి. స్వయం ఉపాధి అంటే బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. చివరి పని దినం దాటకుండా కాంట్రాక్టు పని ఒక్క గంట కూడా మొదలుపెట్టవద్దు. రిలీవింగ్ లెటర్ ఆగిపోతే ఆ తరువాత ప్రతి చోటా సమాధానం చెప్పుకోవాలి.

మీ నెల ఖర్చు ఎంతో రాయలేదు. వాయిదాతో కలిపి 1.2 లక్షలు అనుకుంటే ఆరు నెలలకు 7.2 లక్షలు కావాలి. పీఎఫ్‌ను అందులో లెక్కించవద్దు, దాన్ని అలాగే ఉంచండి. ఆ డబ్బు ఇప్పుడు లేకపోతే గ్రాట్యుటీ కోసం ఆగే నెలల్లో కూడబెట్టుకోవచ్చు, రెండూ ఒకేసారి పూర్తవుతాయి.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక మెయిల్. మధ్యవర్తి సంస్థకు ఇలా రాయండి: 'రుసుము నెలకు 3,50,000, జీఎస్టీ అదనం. ఇన్‌వాయిస్ ఇచ్చిన 30 రోజుల్లో చెల్లింపు. ఇరువైపులా 30 రోజుల నోటీసు. టీడీఎస్ వృత్తి రుసుము కింద. చేరే తేదీ మా కంపెనీ గ్రాట్యుటీ జవాబు వచ్చాక చెబుతాను.' మొదట కుదరదని ఫోను చేస్తారు. ఫోనులో ఏదీ ఒప్పుకోకండి, మెయిల్‌లో రాయమనండి. వాళ్లు 3.2 దగ్గర ఆగినా జీఎస్టీ అదనం అంటే ఆలోచించవచ్చు. 'పన్నులన్నీ కలుపుకుని' అన్న మాట మాత్రం తీసేది లేదంటే ఆ లేఖను పక్కన పెట్టేయండి. వాళ్ల జవాబు వచ్చాక రుసుము పేరా ఉన్నది ఉన్నట్టు పెట్టండి, మళ్లీ లెక్క వేసి చెబుతాను.